ఆ గది నాకెందుకిచ్చాడు

యూనివర్సిటీలో చదువు ఎలా ఉంటుందో మా కంచరపాలెం వీధిలో అందరికీ తెలుసు. అందులో అడుగుపెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు కాబట్టి ఇంకా బాగా తెలుసు. గోపాలపట్నం మావయ్య చెప్పేదాని ప్రకారం అక్కడ చదివేవాళ్ళు పొద్దున బస్సుల మీద రాళ్ళేస్తారు, సాయంత్రం సినిమా హాళ్ళ దగ్గర కొట్టుకుంటారు, పరీక్షలు దగ్గరకొస్తే వాయిదా వెయ్యమని రోడ్డు మీద కూర్చుంటారు. మా పాస్టరుగారి దృష్టిలో అక్కడికెళ్ళినవాడు ముందు ఆదివారం ఆరాధన మానేస్తాడు, ఆ తర్వాత దేవుణ్ణే మానేస్తాడు. పక్కింటావిడ ఎరిగిన ఒక కుర్రాడు మత్తు బిళ్ళలకు అలవాటు పడి, సెలవులకు ఇంటికొచ్చి కన్నతల్లిని ఎవరని అడిగాడట. ఆ కుర్రాడిది ఏ వీధో, ఎవరి తాలూకో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

మా అమ్మ ఈ కబుర్లేవీ నమ్మలేదు. అమ్మ ఎవరి మాటా నమ్మదు. వన్ టౌన్‌లో బియ్యం కొనడానికి వెళితే పైన ఒక రకం పోసి అడుగున ఇంకో రకం పోస్తారని మోచేతి దాకా గోనెలో చెయ్యి దూర్చి, అడుగు గింజలు తీసి కొరికి చూసేది. చేప మొప్పలు ఎర్రగా ఉంటే రంగు పూశారేమోనని వేలితో రుద్దేది. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, బయట విడిచిన చెప్పుల కోసం ఆవిడ ఒక కన్ను సగం తెరిచే ఉంచేది. నాకు అచ్చంగా ఆవిడ పోలికే వచ్చిందని బంధువులు అంటుంటారు. ఏ ఉద్దేశంతో అంటారో నాకు తెలియదు.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరిన రోజు బస్సెక్కే ముందు ఆవిడ నాకు చేసిన హితబోధ ఒక్కటే.

"నిన్ను తిట్టినోడితో భయం నేదు. ఆడికేటి గావాలో తెలిసిపోతాది. ఊరికినే నవ్వినోడితో జాగర్తగా ఉండు."

నేను తలూపాను. కొత్తగా చెప్పిన సంగతేమీ కాదు, నేను చిన్నప్పటినుంచీ ఉన్నదే అలా.

నాకు అసలు చిక్కు యూనివర్సిటీతో కాదు, ఇంటితో. మాది రైలుకట్ట పక్కన రెండు గదుల ఇల్లు. నాన్నకు పోర్టులో షిఫ్టు డ్యూటీ. నైట్ షిఫ్టు చేసి వస్తే పగలంతా ముందుగదిలో పడుకునేవాడు, కాగితం తిప్పిన చప్పుడైనా విసుక్కునేవాడు. వెనకగది అంటే వంట, చెల్లెళ్ళు, చెల్లెళ్ళ స్నేహితురాళ్ళు. పోర్టుకు వెళ్ళే గూడ్సు బండి వచ్చిందంటే దాని డబ్బాలన్నీ పోయేదాకా పుస్తకంలోని అక్షరాలు కూడా వణికేవి. డిగ్రీ అయితే ఎలాగో గట్టెక్కాను. ఇక్కడ మాత్రం మొదటి నెలలోనే తేలిపోయింది, కూర్చుని చదివే చోటు లేకపోతే నేను తప్పడం ఖాయమని. ఊళ్ళో ఇల్లున్న వాళ్ళకు హాస్టల్ సీటు ఇవ్వరు. నాన్న ఆ సంగతి విని చాలా శాంతంగా ఒక మాటన్నాడు.

"ఒక్క ఏడు సూత్తాను. ఫస్టియర్లో పోయిందంటే మరి సదువు మాటెత్తకు. నాతోపాటు పోర్టుకి వచ్చీ, ఏదో పన్లో పెట్టిస్తాను."

నాన్న అరిస్తే బతిమాలుకోవచ్చు. శాంతంగా అన్నాడంటే ఇక అంతే. అందుకని ఆ ఏడాది నాకు యూనివర్సిటీ అంటే పుస్తకాలూ ప్రొఫెసర్లూ కాదు, ఒక బల్ల, ఒక దీపం, తలుపున్న గది. అది దొరికితే చదువు ఉంటుంది, దొరక్కపోతే లేదు.

సరిగ్గా అప్పుడే ఒకడు నన్ను చూసి నవ్వాడు.

ల్యాబ్‌లో నా పక్క బల్ల దగ్గరికొచ్చి, "ఏవండీ, ఇక్కడ ఎవరైనా ఉన్నారాండి?" అన్నాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుర్రాడు. తెల్లచొక్కా, తలకు దట్టంగా నూనె, మనిషి పలచన. సాటి విద్యార్థిని 'అండీ' అని పిలిచేవాణ్ణి నేను అంతకు ముందు చూడలేదు. ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలయ్యాక ఆ జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు మా చుట్టుపక్కల చాలామందే ఉండేవారు కానీ, వాళ్ళ మాటలోని ఆ మెత్తదనం నాకెప్పుడూ తేడాగానే వినిపించేది. ఎవరూ లేరన్నాను. అతను కిటికీ దగ్గర గాలొచ్చే బల్ల వదులుకుని వచ్చి నా పక్కన స్థిరపడ్డాడు. నా రీడింగులు కాపీ కొట్టడానికే అని తేల్చుకుని, ఆ రోజునుంచి రికార్డు మీద మోచెయ్యి అడ్డం పెట్టుకుని రాసేవాణ్ణి. అతను ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. అతని రీడింగులు నావాటికంటే బాగా వచ్చేవి కూడా. దాంతో నా అనుమానం తగ్గకపోగా పెరిగింది, ఎందుకంటే ఇప్పుడు కారణం కూడా తెలియకుండా పోయింది.

మరికొన్నాళ్ళకు, క్యాంటీన్ మెట్ల మీద, నేను అడగకుండానే అతనే అన్నాడు.

"మా గదిలో రెండో ఆయనకి బ్యాంకు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారండి. మంచం ఖాళీగానే ఉంది. మీకు ఇంటి దగ్గర చదువు సాగట్లేదని విన్నాను. వచ్చేయండి."

"ఎవరు సెప్పినారు నీకు?"

"మీరే అన్నారండి, మొన్న ప్రొఫెసరుగారితో."

"నాను ఆయనతో అంటే నువ్వెందుకు విన్నావు?"

అతను నవ్వాడు.

ఆ రోజుల్లో హాస్టళ్ళలో ఇది మామూలే. సీటు లేనివాడు సీటున్నవాడి గదిలో చేరిపోతాడు. వాణ్ణి గెస్టు అంటారు. ఆఫీసువాళ్ళకు తెలిసీ తెలియనట్టు ఉంటుంది. మెస్‌లో ఒక ప్లేటు అన్నం ఇద్దరు పంచుకుంటారు. పట్టుబడితే గెస్టు బయటికి పోతాడు, ఒక్కోసారి పెట్టుకున్నవాడి సీటు కూడా పోతుంది. అయితే మామూలుగా గెస్టుగా చేరేది సొంత ఊరివాడో, చుట్టమో, కులపువాడో. నేను అతనికి ఈ మూడూ కాను. దేవుడూ వేరు, జిల్లా వేరు. అలాంటి నాకోసం తన సీటుకే ముప్పు తెచ్చుకుంటానంటున్నాడు. ఆ గది నాకెందుకిస్తున్నాడు?

ఇంటికెళ్ళి అమ్మతో చెప్పాను. ఆవిడ పొయ్యి మీద కూర కలపడం ఆపేసింది.

"ఆడికి అక్కసెల్లెళ్ళు ఉన్నారేటి?"

"నేరు. ఒక్కడే కొడుకు."

"అయితే యూనియనోడు. ఎలచ్చన్లప్పుడు నిన్ను ముందెట్టి జెండా మొయ్యమంటాడు."

"ఆడు ఎలచ్చన్ల వైపే ఎల్డు."

"మరింకేటి గావాలి ఆడికి?" అంది అమ్మ, నేనేదో దాస్తున్నట్టు నా వైపు చూస్తూ. తనే ఒక పరీక్ష ఆలోచించింది. "రేపు సేపల కూర కేరేజీలో ఎట్టిస్తాను. తిన్నాడో నేదో సూసి సెప్పు. తినకపోతే మన గిన్నెలో తినడానికి మనసు రానట్టు. అప్పుడు మానీసి వచ్చీ."

అతను తిన్నాడు. మామూలుగా కాదు, ముల్లు ముల్లు చీకి, కేరేజీ అడుగున మిగిలిన పులుసులో అన్నం కలుపుకుని మరీ తిన్నాడు. అమ్మకు ఆ సంగతి చెబితే సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ ముఖం ఇంకా ముడుచుకుపోయింది.

"అడుగు కూడా తుడిసీసినాడా? అయితే ఆడికి గావాల్సింది శానా పెద్దదే."

అయినా వెళ్ళాను. నాకు గది కావాలి. అతనికేం కావాలో అక్కడుండే కనిపెడతాననుకున్నాను.

గది బాగుంది. కిటికీ తెరిస్తే దూరంగా సముద్రం, లంగరేసుకుని పోర్టులోకి పిలుపు కోసం ఎదురుచూసే ఓడలు కనిపించేవి. రెండు బల్లలు, రెండు దీపాలు. కానీ అతని పద్ధతులు ఒకదానికొకటి పొసగేవి కావు. రెండు మంచాలుంటే తాను మాత్రం నేల మీద చాప పరుచుకుని పడుకునేవాడు. నడుం నొప్పి అనేవాడు. నడుం నొప్పి ఉన్నవాడు అంత తేలిగ్గా వంగి బిందె ఎత్తడు. స్నానానికి వెళితే లోపల గడియ పెట్టుకునేవాడు కాదు, తలుపు ఊరికే చేరేసుకునేవాడు. అందరం బీచికి వెళితే ఇసుకలోనే కూర్చునేవాడు, ఎవరు లాగినా నీళ్ళలోకి రాడు. డాబా మీదికి ఎక్కడు. పొద్దుటిపూట క్లాసులో కళ్ళు మూతలు పడుతుండేవి. పౌడరు డబ్బాలో మాత్రలు దాచుకునేవాడు. అవేమిటని అడిగితే విటమిన్లన్నాడు. విటమిన్లను పౌడరు డబ్బాలో ఎవరు దాస్తారు? పక్కింటావిడ చెప్పిన కుర్రాడు ఇతనే కాదు కదా అని కూడా ఒక పూట అనుకున్నాను.

అన్నిటికంటే పెద్దది తాళాల గుత్తి. అతనికున్నది ఒక రేకుపెట్టె. దానికొక చిన్న తాళంకప్ప. గది తాళం ఒకటి. దిండు కింద మాత్రం ఎప్పుడూ పెద్ద ఇనుప తాళంచెవుల గుత్తి ఉండేది. కొన్ని తుప్పు పట్టినవి, ఒకటైతే కోటతలుపుకు సరిపోయేంత పొడుగు. బయటికెళ్ళినప్పుడు లుంగీ కట్టుకున్నా, ప్యాంటు వేసుకున్నా అది అతని ఒంటిమీద ఉండాల్సిందే. ఒకరోజు అతను స్నానానికి వెళ్ళినప్పుడు మరిచిపోయి వదిలేశాడు. నేను గబగబా ఒక్కొక్కటీ తీసి రేకుపెట్టెకు పెట్టి చూశాను, గది తలుపుకు పెట్టి చూశాను, వరండాలోకి వెళ్ళి ఎదురుగదికి కూడా పెట్టి చూశాను. ఒక్కటీ దేనికీ పట్టలేదు. అలా చూసినందుకు నాకిప్పటికీ సిగ్గేమీ లేదు. నా స్థానంలో ఎవరున్నా చూసేవారు, చూడనివాడు తెలివితక్కువవాడు.

దేనికీ పట్టని తాళాలు ఒక మనిషి ఎందుకు మోస్తాడు? ఇక్కడి తలుపులకు కాకపోతే ఇంకెక్కడివాటికో.

నేను ఇలా తర్జనభర్జన పడుతుండగా హాస్టల్లో ఒకాయన చేతిగడియారం పోయింది. మామగారు పెట్టిన గడియారం కాబట్టి గోల ఎక్కువైంది. వరండాల్లో గుసగుసలు మొదలయ్యాయి. నేను నడిచి వస్తుంటే మాటలాగిపోయేవి. నాకు వెంటనే అర్థమైంది, వాళ్ళ చూపు గెస్టుల మీద పడిందని. అందులోనూ కంచరపాలెం నుంచి వచ్చిన గెస్టు మీద. వాళ్ళు నన్ను అనుమానిస్తున్నారు, నేను అతన్ని అనుమానిస్తున్నాను. అతనొక్కడే ఎవరినీ అనుమానించకుండా హాయిగా రికార్డు రాసుకుంటున్నాడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక భోజనం చేసి, ఇక తేల్చుకోవాలనే హాస్టల్‌కు వచ్చాను. అందరూ మ్యాట్నీకి పోవడంతో వరండాలు ఖాళీగా ఉన్నాయి. అతను చాప మీద కూర్చుని చదువుకుంటున్నాడు. నేను తలుపు వేసి, దిండు ఎత్తి, గుత్తి తీసి అతని ముందు పడేశాను.

"ఇవేటి?"

అతని ముఖం పాలిపోయింది.

"ఏటని అడుగుతున్నాను. పోలీసులొస్తే ముందు నన్నే ఈడ్సుకెళ్తారు. నా సదువు పోతాది. నీకేటి, ఎవులూ నిన్ను అనుమానించరు. దేనివీ తాళాలు?"

అతను నోరు తెరిచాడు. చూపు నా మీదనుంచి పక్కకు జారి గోడ మీద ఎక్కడో ఆగింది. అబద్ధం వెతుక్కుంటున్నాడనుకున్నాను. పెదవులు ఏదో నములుతున్నట్టు కదిలాయి. తర్వాత ఒక్కసారిగా వెనక్కి విరుచుకు పడిపోయాడు, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. నిజం చెబుతాను, అప్పటికి కూడా నటిస్తున్నాడనే అనుకున్నాను. జవాబు చెప్పాల్సి వచ్చేసరికి వేషం వేస్తున్నాడని చేతులు కట్టుకుని నిలబడ్డాను. అప్పుడు అతని పెదవులు నీలంగా మారడం కనబడింది. నోటి పక్కనుంచి నురుగు కారింది. అలా ఎవరూ నటించలేరు.

మా రైల్వే గేటు దగ్గర జనం మధ్య ఎవరైనా మూర్ఛ వచ్చి పడిపోతే, చుట్టూ ఉన్నవాళ్ళంతా జేబులు తడుముకుని వాడి చేతిలో తాళాలు పెట్టేవారు. చేతిలో ఇనుము ఉంటే మూర్ఛ తగ్గుతుందని అందరి నమ్మకం. చిన్నప్పటినుంచీ చూసిన దృశ్యమే. ఆ గుత్తి దేనికో నాకు అప్పుడు తెలిసింది. వంగి తీసి, నా చేత్తోనే అతని పిడికిట్లో పెట్టాను. భయమేసింది, చాలా భయమేసింది.

కొంతసేపటికి అతనికి తెలివొచ్చింది. ముందు తలుపు వైపు చూశాడు.

"ఎవరైనా చూశారాండి?"

"నేదు. అందరూ సినిమాకి పోనారు."

నీళ్ళు తాగించాను. గుత్తి వైపు చూసి నీరసంగా నవ్వాడు. "దానివల్ల ఏమీ ఉండదండి. డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు. మళ్ళీ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి చాలు, నోట్లో ఏమీ పెట్టకండి. తాళాలు మా అమ్మ కోసం మోస్తున్నాను. అవి దగ్గరుంచుకుంటానని ఒట్టు పెడితేనే చదువుకి పంపింది."

"ఎవరికీ ఎందుకు సెప్పనేదు?"

"చెబితే ఇంటికి పంపేస్తారండి. డిగ్రీలో ఒకసారి క్లాసులో పడిపోయాను. ప్రిన్సిపాలుగారు మా నాన్నని పిలిచి, మీవాణ్ణి ఇంట్లోనే ఉంచుకోండి అన్నారు. ఆ ఏడాదంతా అరుగు మీద కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళు జాలిపడి వెళ్ళేవారు. ఇక్కడ కెమిస్ట్రీ ల్యాబు, మంటలు, యాసిడ్లు. తెలిస్తే లోపలికి రానిస్తారాండి?"

నేలమీద చాప, గడియ పెట్టని తలుపు, సముద్రం, మాత్రలు. నేను ఇంకేమీ అడగనక్కర్లేకపోయింది. కానీ ఒకటి మిగిలింది.

"క్లాసులో ఇంతమంది ఉన్నారు. నన్నే ఎందుకు పట్టుకున్నావు?"

"కోప్పడకండి. చేరినప్పటినుంచీ చూస్తున్నానండి. మీరు ఎవరితోనూ కలవరు. ఎవరైనా పుస్తకమిస్తే లోపల ఏమైనా పెట్టారేమోనని దులిపి చూస్తారు. టీ తాగినా గోడకి వీపు ఆనించి తాగుతారు. ఎవర్నీ నమ్మని మనిషి నా సంగతి ఎవరికి చెబుతాడులే అనుకున్నాను. గదిలో ఎవరో ఒకరు ఉండాలి, అది బయటికి చెప్పనివాళ్ళై ఉండాలి. మీకన్నా తగినవాళ్ళు కనబడలేదండి."

పొగిడాడో తిట్టాడో తేల్చుకోలేకపోయాను. నా గుణం చూసి నన్ను ఏరి తెచ్చుకున్న మనిషి అంతకుముందు ఎవరూ లేరు, ఆ తర్వాత కూడా లేరు. మాట మార్చడానికి, "మరి గడియారం?" అన్నాను. అతను నిజంగానే తెల్లబోయాడు. గడియారం పోయిన సంగతే అతనికి సరిగా తెలియదు.

ఆ వారంలోనే వార్డెన్‌గారు ఇద్దరినీ పిలిపించారు. ఎవరో ఫిర్యాదు చేశారు. ఆయన చెడ్డవారు కాదు, ముందు అతన్నొక మాట, నన్నొక మాట అని ఊరుకోవాలనే చూశారు. కానీ గడియారం గొడవ ఆయన మెడకు చుట్టుకుంది.

"ఊళ్ళో ఇల్లు పెట్టుకుని ఇక్కడెందుకు పడుకుంటున్నావయ్యా? సరైన కారణం ఉంటే చెప్పు. పోయిన టర్మ్‌లో ఒకడికి కామెర్లొస్తే వాళ్ళ అన్నయ్యని ఉండనిచ్చాను. నేనేమీ రాక్షసుణ్ణి కాను."

నేను అతనివైపు చూశాను. అతను నేల చూపులు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క మాట, 'ఇతనికి మూర్ఛండి, తోడుంటున్నాను' అంటే చాలు. గది నాకు దక్కుతుంది, పరీక్షల దాకా దర్జాగా ఉండొచ్చు. కానీ ఆ మరునాడే గోదావరి జిల్లాకు ఒక ఉత్తరం వెళ్తుందని నాకనిపించింది. వార్డెన్‌గారి మంచితనం మీదే నాకు అనుమానమొచ్చింది. మంచివాళ్ళే ముందు తల్లిదండ్రులకు రాస్తారు.

"కారణమేటీ నేదు సార్. సదువుకోడానికి వచ్చేను."

"అయితే ఈ సాయంత్రమే ఖాళీ చెయ్యి."

అతని సీటు మాత్రం ఉంచారు. ఇంకోసారి ఎవరినైనా పెట్టుకుంటే అదీ పోతుందన్నారు. ఆ గడియారం తర్వాత చాకలికి వేసిన ప్యాంటు జేబులోంచి బయటపడింది. ఆ కబురు మాకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

పెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చిన నన్ను చూసి అమ్మకు కోపం కంటే తృప్తి ఎక్కువ కలిగింది. "నాను ముందే సెప్పినాను. గెంటించీసినాడా?" అంది. మూర్ఛ సంగతి ఆవిడకు కూడా దాచాను. పరీక్షలకు చదువుకునే సెలవులు అప్పుడే ఇచ్చారు. హాస్టల్ సగం ఖాళీ అవుతోంది. ఆ గదిలో అతను ఒంటరిగా ఉంటున్నాడన్న దిగులు ఒకవైపు, మా ఇంట్లో గూడ్సు బళ్ళ మోత ఒకవైపు. మర్నాడే వెళ్ళి, "రోజూ మా ఇంటికి వచ్చీ బావా, పగలంతా ఇద్దరం సదువుకుందాం" అన్నాను. అతను పుస్తకాల సంచితో బస్సు దిగి వచ్చేవాడు, చీకటి పడకముందే వెళ్ళిపోయేవాడు. నాన్నకు అప్పుడు నైట్ షిఫ్టులు లేవు కాబట్టి, ఆ మోతలో అతను గట్టిగా చదివేవాడు, నేను అంతకంటే గట్టిగా తప్పులు పట్టేవాణ్ణి. చిత్రంగా అలాగే బుర్రకెక్కేది. ఆ ఏడాది ఇద్దరం గట్టెక్కామని ఇక్కడే చెప్పేస్తున్నాను. మా అమ్మలాంటివాళ్ళు చదువుతుంటే అది తేలేదాకా మిగతాది నమ్మరు.

అమ్మ మాత్రం అతన్ని ఒక కంట కనిపెడుతూనే ఉంది. వంటింట్లోంచి కనబడే చోటే మాకు బల్ల వేసింది. చెల్లెళ్ళ చేత టీ పంపేది కాదు, తనే తెచ్చేది, తెచ్చి అతను తాగేదాకా నిలబడేది. "ఇంత దూరం పడి రోజూ వస్తున్నాడు, ఏటి గావాలిరా ఆడికి?" అని నన్ను చాటుకు లాగి అడిగేది. చదువు అన్నాను. "సదువు ఆ కొండమీద హాస్టల్లో నేదేటి?" అంది.

ఒక మధ్యాహ్నం నాన్న భోజనం చేసి, కేరేజీ సైకిలుకు తగిలించుకుని డ్యూటీకి వెళ్ళాడు. వీధరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళందరినీ పలకరించుకుంటూ వెళ్ళాడు. చెల్లెళ్ళు బడిలో ఉన్నారు. అతను చదువుతూ చదువుతూ వాక్యం మధ్యలో ఆగిపోయాడు. నేను తలెత్తి చూసేసరికి ఆ ఆదివారం చూసిన చూపే కనబడింది. పట్టుకునేలోగా బల్లతో సహా కింద పడ్డాడు. సిరాబుడ్డి, గ్లాసు, పుస్తకాలు అన్నీ పెద్ద చప్పుడుతో పడ్డాయి.

నేను అతన్ని పక్కకు తిప్పి, బల్ల అవతలికి లాగాను. అమ్మ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో ఒక్క క్షణం నిలబడింది. అరుస్తుందనుకున్నాను. ఆవిడ గరిటె పక్కన పడేసి, వీధి తలుపు దగ్గరికి వేసి, వచ్చి నేలమీద కూర్చుని అతని తల కింద తన చెయ్యి పెట్టింది. నేల తగలకుండా అలాగే ఉంచింది. కొట్టుకోవడం తగ్గి ఊపిరి నెమ్మదించి అతను మగతలోకి జారాడు. ఆవిడ చీర కొంగుతో అతని మూతి తుడిచింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మీ వార్డెనుకి సెప్పుంటే ఆ గదిలోనే ఉండనిచ్చేవోడు కాడేటి?"

"ఉండనిచ్చేవోడు. ఆడిని ఇంటికి పంపీసేవోళ్ళు."

అమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "నాకు కూడా సెప్పనేదు" అంది. నాలుగు తిట్లు పడతాయనుకుంటుంటే ఆవిడ అతని వైపు తిరిగి, నుదుటిమీద చెమట తుడుస్తూ, "అయితే ఈడు సరైనోడినే పట్టుకున్నాడు" అంది.

అప్పుడే తలుపు కొట్టిన చప్పుడైంది. అమ్మ మెల్లిగా చెయ్యి తీసి, నా టవలు మడిచి అతని తల కింద పెట్టి లేచింది. నేనూ వెనకే వెళ్ళాను. తలుపు ఓరగా తెరిస్తే పక్కింటావిడ, చేతిలో చింతపండు కోసమని ఒక గిన్నె. కళ్ళు మాత్రం మా భుజాల మీదుగా లోపలికి చూస్తున్నాయి.

"ఏటొదినా, అంత సప్పుడైంది?"

"ఏటీ నేదు" అంది అమ్మ, రెండు చేతులూ గుమ్మానికి అడ్డం పెట్టి.

"ఎవరో పడుకున్నట్టున్నారు కదేటి? అన్నయ్య ఇప్పుడే కదా డ్యూటీకి పోనాడు."

"మా పెద్దోడు" అంది అమ్మ. "సదివి సదివి అలిసిపోయి పడుకున్నాడు. గట్టిగా మాటాడకు."

ఆవిడ పెద్దోణ్ణి నేను. ఆవిడ మోచేతి పక్కనే, వెలుతురులో, నిక్షేపంగా నిలబడి ఉన్నాను. పక్కింటావిడ నన్ను చూసింది, అమ్మను చూసింది, మళ్ళీ నన్ను చూసింది. అమ్మ ముఖంలో ఒక్క గీత కదల్లేదు. పక్కింటావిడ ఖాళీ గిన్నెతోనే మెట్లు దిగి వెళ్ళిపోయింది.